పావు స్కేల్ టైగర్ మాత్: విజయవాడ, గుంటూరుల్లో కట్టుకుని ఎగరేసేవారికి సమగ్ర మార్గదర్శి

డీహావిలాండ్ టైగర్ మాత్ మొదటిసారి ఎగిరింది 1931 అక్టోబరు 26న. ఆ తర్వాత 8,000కు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎంతోమంది పైలట్లు విమానం నడపడం దీనిమీదే నేర్చుకున్నారు. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లోనూ చాలాకాలం తిరిగింది. కర్ర రెక్కలు, గుడ్డ తొడుగు, బిగించిన తీగలు ఉన్న అసలు విమానాన్ని అదే పద్ధతిలో చిన్నది చేసి కట్టుకోవచ్చు. పెద్ద రేడియో కంట్రోల్ మోడల్‌కు ఇంతకంటే మంచి ఎంపిక మాకు కనబడదు.

అసలు విమానం రెక్కల విస్తీర్ణం 8.94 మీటర్లు, పొడవు 7.29 మీటర్లు. నాలుగో వంతు స్కేల్‌లో ఇవి 2.23 మీటర్లు, 1.82 మీటర్లు అవుతాయి. రెండు వరసల రెక్కల వైశాల్యం కలిపి సుమారు 1.39 చదరపు మీటర్లు. రెక్క వెడల్పు 33 సెంటీమీటర్లు. పెట్రోలు లేకుండా మొత్తం బరువు 9 కిలోల దగ్గర ఆగాలి. 10 కిలోలు దాటినా ఎగురుతుంది గానీ టైగర్ మాత్‌లా ఎగరదు, దిగేటప్పుడు పరుగెత్తుకుంటూ వస్తుంది.

ఈ విమానం కట్టేవాళ్లు మొదటి రోజు నుంచే ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. దీని ముక్కు పొట్టి, తోక పొడవు. తోక చివర 1 గ్రాము పెరిగితే దాన్ని సరితూచడానికి ముక్కులో దాదాపు 3 గ్రాములు పెట్టాల్సి వస్తుంది. తోకలో 150 గ్రాములు ఎక్కువైతే ముక్కులో దాదాపు అర కిలో సీసం పోయాలి, అది ఎందుకూ పనికిరాని బరువు. కర్ర ఎంపిక, జిగురు, రంగు, సర్వోలు (కదిలే భాగాలను తిప్పే చిన్న మోటార్లు) ఎక్కడ పెట్టాలి అన్న ప్రతి నిర్ణయం ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఇది మొదటి మోడల్ కాదు. కనీసం ఒకటిన్నర మీటర్ల ట్రైనర్, ఆ తర్వాత తోకచక్రం ఉన్న విమానం ఒకటి ధైర్యంగా ఎగరేసి దించగలిగిన వాళ్లే దీనికి పూనుకోవాలి. ఎడమ బొటనవేలు రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) మీద దానంతట అదే కదలాలి. అది అలవాటు కాకపోతే ముందు అది నేర్చుకోండి.

ప్లానా, కిట్టా?

2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్లను పూర్తిగా గానీ, విడగొట్టిన సెట్టుగా గానీ దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం నిషేధించింది. విడి పార్టులకు మాత్రం అడ్డులేదు. పెద్ద మోడల్ విమానాన్నీ డ్రోన్‌గా చూసి, దాని పెట్టె కస్టమ్స్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉంది కనుక ప్లాన్ కొని, కర్ర ఇక్కడే కోయించుకోవడం మేలు. అక్రిలిక్ బోర్డులు, నేమ్‌ప్లేట్లు చేసే షాపుల్లో లేజర్ కటింగ్ యంత్రాలు ఉంటాయి. రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలు), ఫార్మర్ల (విమానం ఒంటికి ఆకారమిచ్చే చట్రాల) బొమ్మలు కంప్యూటర్ ఫైల్‌గా ఇస్తే కోసిస్తారు. ఫైల్ ఇచ్చే ముందు లేజర్ గాటు వెడల్పు అడగండి. 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా కర్ర కాలిపోతుంది కనుక స్పార్ (రెక్క బరువు మోసే పొడవాటి కర్ర) దూరే గాట్లు ఆ మేరకు చిన్నవిగా గీయాలి. కోసి తెచ్చాక కాలిన నల్లటి అంచును 240 నంబరు గరుకు కాగితంతో తుడిచేయండి. ఆ మసి మీద జిగురు పట్టినట్టే కనిపిస్తుంది గానీ మొదటి గట్టి ల్యాండింగ్‌కే ఊడిపోతుంది.

కర్రను తూచి కొనాలి, తూచి వాడాలి

బాల్సా పలకలు హాబీ షాపుల నుంచి ఆన్‌లైన్‌లో కట్టగా వస్తాయి. ఒకే కట్టలో ఒక పలక ఇంకోదానికి రెట్టింపు బరువు ఉండొచ్చు. వచ్చిన రోజే వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక్కోటి తూచి, బరువును పెన్సిల్‌తో దానిమీదే రాయండి. 3 మి.మీ. మందం, 10 సెం.మీ. వెడల్పు, మీటరు పొడవున్న పలక 28 నుంచి 32 గ్రాములు తూగితే తోకకు దాచండి. 33 నుంచి 40 దాకా రిబ్బులకు, 45 పైన లీడింగ్ ఎడ్జ్‌కు (రెక్క ముందు అంచుకు), ముందు భాగానికి వాడండి. 55 దాటినవి విమానంలోకి రాకూడదు, జిగ్గులకు (కట్టేటప్పుడు భాగాలను పట్టి ఉంచే అచ్చులకు) పనికొస్తాయి. ఈ పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, కానీ తోకలో 80 నుంచి 100 గ్రాములు మిగులుతాయి. ముక్కు దగ్గర అది పావు కిలో పైమాటే.

స్పార్లకు స్ప్రూస్ కావాలి. దొరక్కపోతే ముడులు లేని, నార తిన్నగా ఉన్న పైన్ పలక నుంచి 8×5 మి.మీ. పట్టీలు చీల్పించుకోవచ్చు. టేకు బలమైనదే కానీ బరువు, వద్దు. ప్రతి పట్టీకీ ఒక పరీక్ష పెట్టండి. 30 సెం.మీ. దూరంలో రెండు దిమ్మల మీద వెడల్పు వైపు పడుకోబెట్టి, నడిమధ్య 2 కిలోల బరువు వేలాడదీయండి. సుమారు 13 మి.మీ. వంగి, బరువు తీయగానే తిన్నగా రావాలి. 18 దాటి వంగినా, చిటుక్కుమన్నా పక్కన పడేయండి. నాలుగు రెక్కలకూ ఒకే తీరులో వంగే పట్టీలను జతలుగా ఏరుకోవడం ఇంకా మంచిది.

కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి గురించి చాలామంది అడుగుతారు. అది మెత్తగా, తేలికగా ఉంటుంది గానీ బాల్సా అంత కాదు. నిర్మాణ భాగాలకు వాడొద్దు. కాక్‌పిట్‌లలో కూర్చునే ఇద్దరు పైలట్ల తలలకు, భుజాలకు మాత్రం అంతకంటే చక్కటి కర్ర లేదు. లోపల గుల్ల చేయించి ఒక్కోటి 120 గ్రాములు దాటకుండా చూసుకోండి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో కృష్ణా తీరపు తేమను బాల్సా బాగా పీలుస్తుంది. అప్పుడు అతికించిన రెక్క ఫిబ్రవరి ఎండకు మెలితిరుగుతుంది. వానాకాలంలో కట్టక తప్పకపోతే కర్రను రెండు రోజులు ఏసీ గదిలో బల్లపరుపుగా ఆరబెట్టి, అదే గదిలో కట్టండి. మే నెలది ఇంకో సమస్య. అరగంట ఎపాక్సీ అని డబ్బా మీద ఉన్నా, 40 డిగ్రీల గదిలో పావుగంటకే బిగుసుకుంటుంది. ఒక్కసారికి 10 గ్రాములకు మించి కలపొద్దు.

రెక్కలు

రెండు 1.5 మి.మీ. ప్లైవుడ్ టెంప్లేట్ల మధ్య రిబ్బుల్ని కట్టగా పేర్చి, 3 మి.మీ. బోల్టులతో బిగించి ఒక్కసారే ఇసుకకాగితం పట్టండి. లేజర్‌తో కోసినా ఈ పని మానొద్దు. రిబ్బులు అర మిల్లీమీటరు తేడా ఉన్నా గుడ్డ బిగిసినప్పుడు ఎగుడుదిగుళ్లు బయటపడతాయి.

ముందు స్పార్‌కు 8×5 స్ప్రూస్ పట్టీలు పైనొకటి కిందొకటి, వెనక స్పార్‌కు 5×5. వాటి మధ్య 2 మి.మీ. బాల్సా షియర్ వెబ్బులు (రెండు పట్టీలను కలిపే నిలువు పలకలు) అతికించాలి. వెబ్బు నార నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే రెక్క వంగినప్పుడు నారల వెంబడి చీలిపోతుంది, పైకి ఏమీ కనబడదు. గాల్లో రెక్క విరిగిన మోడళ్లను విప్పి చూస్తే ఈ తప్పు తరచూ దొరుకుతుంది.

స్ట్రట్లు (పై, కింది రెక్కల మధ్య నిలువు కర్రలు) బిగిసే చోట, తీగలు తగిలే చోట రెండు స్పార్ పట్టీల మధ్య 3 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ దిమ్మలు పెట్టండి. తీగ లాగేది ఈ దిమ్మను, దిమ్మ స్పార్‌ను లాగుతుంది. రిబ్బు మీద బరువు పడకూడదు.

రెక్క చివర వెనక అంచు ఒక డిగ్రీ పైకి తిరిగి ఉండాలి. నెమ్మదిగా ఎగిరేటప్పుడు చివర ముందుగా స్టాల్ కాకుండా (పైకెత్తే బలం కోల్పోకుండా) ఇదే కాపాడుతుంది. 33 సెం.మీ. వెడల్పు మీద ఒక డిగ్రీ అంటే 5.8 మి.మీ. కట్టేటప్పుడే చివరి రిబ్బు వెనక అంచు కింద 6 మి.మీ. బాల్సా పట్టీ పెట్టి, షియర్ వెబ్బులన్నీ అతికి జిగురు పూర్తిగా ఆరేదాకా కదపొద్దు. రెక్క పూర్తయ్యాక ఇస్త్రీపెట్టెతో మెలిపెట్టొచ్చులే అనుకుంటే ఎండాకాలంలో అది వెనక్కి పోతుంది.

రెక్క అంచు వంపుకు 1.5 మి.మీ. బాల్సా పట్టీలు ఐదు తీసుకుని, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ప్లైవుడ్ అచ్చు చుట్టూ వంచి ఒక రాత్రి ఆరనివ్వండి. మరునాడు వాటి మధ్య ఫెవికాల్ మెరైన్ రాసి మళ్లీ అదే అచ్చు మీద బిగించండి. తడి మీదే జిగురు రాస్తే పట్టీలు తర్వాత విడిపోతాయి.

అసలు విమానంలో ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలకలు) కింది రెక్కలకే ఉంటాయి, మోడల్‌లోనూ అంతే. పై రెక్క అంచున ఉండే స్లాట్లను మూసినట్టుగానే చేసి వదిలేయండి. ఎయిలరాన్ సర్వోలు కింది రెక్కలోనే, ఒక్కోటి 8 నుంచి 10 కిలోల టార్క్ ఉన్నవి. గుడ్డ తొడిగిన ఒక్కో రెక్క 500 గ్రాముల లోపే ఉండాలి.

ఫ్యూజిలాజ్ (విమానం ఒళ్లు), తోక, కాళ్లు

ముందు కాక్‌పిట్ దాకా 3 మి.మీ. లైట్ ప్లైవుడ్ పెట్టె, అక్కడి నుంచి తోకదాకా లాంజెరాన్ల (పొడవునా సాగే మూల కర్రల) చట్రం. లాంజెరాన్లు వెనక కాక్‌పిట్ దాకా 8×8 స్ప్రూస్, ఆ వెనక గట్టి బాల్సా. రెండూ కలిసే చోట ఏటవాలు కోత పొడవు మందానికి ఎనిమిది రెట్లు, అంటే 64 మి.మీ. ఉండాలి. పొట్టి అతుకు అక్కడే విరుగుతుంది.

రడ్డర్, ఎలివేటర్ (ముక్కును పైకి కిందికి తిప్పే తోక పలక) సర్వోలను తోకలో పెట్టొద్దు. ముందు సీటు కింద పెట్టి 0.8 మి.మీ. ఉక్కు తీగలతో రెండువైపులా లాగేలా చేయండి. అసలు విమానంలోనూ తీగలే. సర్వో హార్న్ (తీగ తగిలే చేయి) మీద రెండు రంధ్రాల మధ్య దూరం, రడ్డర్ హార్న్ మీద దూరం ఒకటే ఉండాలి. రడ్డర్ హార్న్ రంధ్రాలు కీలు గీత మీదే పడాలి. ఇందులో తేడా వస్తే ఒకవైపు తిప్పినప్పుడు ఒక తీగ బిగుసుకుని, ఇంకోటి వేలాడుతుంది. వేలాడిన తీగ వల్ల రడ్డర్ గాలికి కొట్టుకోవడం మొదలవుతుంది. రడ్డర్‌కు 15 నుంచి 20 కిలోల సర్వో, ఎలివేటర్‌కు 15 కిలోలది సరిపోతుంది. తోక మొత్తం, రడ్డర్‌తో సహా, గుడ్డ తొడిగాక 350 గ్రాములు.

ల్యాండింగ్ గేర్ 5 మి.మీ. పియానో వైరుతో చేయాలి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, గుంటూరు ఆటోనగర్‌లో గానీ వంచి అతికించే పనివాళ్లు దొరుకుతారు. కానీ ఒక విషయం గట్టిగా చెప్పండి. ఈ వైరును వెల్డింగ్ చేయకూడదు. ఎర్రగా కాలితే దాని స్ప్రింగు గుణం పోతుంది, మొదటి దెబ్బకే అతుకు పక్కన వంగిపోతుంది. రెండు వైర్లు కలిసే చోట గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, సన్నటి రాగి తీగ దగ్గర దగ్గరగా చుట్టి, తక్కువ వేడితో సీసం సోల్డర్ పారించాలి. సోల్డర్ రాగి చుట్ల సందుల్లోకి మొత్తం ఇంకాలి. పైన ముద్దగా నిలిస్తే వేడి చాలలేదని గుర్తు.

చక్రాలు 12 నుంచి 13 సెం.మీ. విమానాన్ని బల్లపరుపుగా నిలబెట్టి చూస్తే, సీజీ (విమానం తూకం నిలిచే బిందువు) నుంచి ఇరుసుకు గీసిన గీత నిలువు గీతకు 15 నుంచి 18 డిగ్రీలు ముందుకు ఉండాలి. అంతకంటే తక్కువైతే గడ్డి తగిలిన ప్రతిసారీ ముక్కు నేలకు కొడుతుంది.

ఇంజిన్

35 సీసీ టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్, 20×8 చెక్క ప్రొపెల్లర్ దీనికి సరిజోడు. కరెంటు మోటారు కావాలంటే 200 కేవీ (వోల్టుకు నిమిషానికి 200 చుట్లు) దగ్గర ఉన్న మోటారు, 10 సెల్‌ల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అదే ప్రొపెల్లర్‌ను 1800 నుంచి 2000 వాట్లతో తిప్పుతాయి. శబ్దం, జిడ్డు ఉండవు. కానీ కరెంటు లేని పొలంలో 10 సెల్‌ల ప్యాకులు ఛార్జ్ చేయడానికి జనరేటర్ మోసుకెళ్లాలి. మే నెలలో మూసిన కారులో బ్యాటరీలు ఉంచితే ఉబ్బుతాయి. రోజంతా ఎగరేద్దామనుకునే వారికి పెట్రోలే అనుకూలం అని మా అభిప్రాయం.

ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే ముందు పలక) 6 మి.మీ. బర్చ్ ప్లైవుడ్. దాన్ని ఎపాక్సీతో పాటు నాలుగు మూలల్లో త్రికోణపు బాల్సా పట్టీలతో, అంచుల్లో చెక్క మేకులతో బిగించి, ఎపాక్సీని పలచన చేసి మొత్తం పూయండి. పెట్రోలు చెమ్మ తగిలితే ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. ఇంజిన్ 2 డిగ్రీలు కిందికి, 2 డిగ్రీలు కుడికి చూడాలి.

టైగర్ మాత్ కౌలింగ్ (ఇంజిన్ తొడుగు) పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. అసలు విమానంలో తలకిందులుగా ఉండే నాలుగు సిలిండర్ల జిప్సీ మేజర్ ఇంజిన్ కోసం చేసిన ఆకారం అది. మన ఒంటి సిలిండర్‌కు గాలి అందడం కష్టం. లోపలికి వచ్చే గాలి సిలిండర్ రెక్కల మధ్య నుంచే పోయేలా 1 మి.మీ. అల్యూమినియం రేకుతో అడ్డు కట్టాలి. బయటికి పోయే దారి వైశాల్యం లోపలికి వచ్చే దానికి రెండున్నర రెట్లు ఉండాలి. గాలి తన దారి తను చూసుకుంటుందిలే అని వదిలేస్తే, మూడు నాలుగు నిమిషాల తర్వాత ఇంజిన్ వేగం మెల్లగా పడిపోవడం మొదలవుతుంది. అది నీడిల్ (పెట్రోలు పాళ్లు సరిచేసే స్క్రూ) సమస్య అనుకుని ఇంకా బిగిస్తే సీజ్ అవుతుంది. ముందు గాలి దారి చూసి, తర్వాతే నీడిల్ ముట్టుకోండి.

టూ స్ట్రోక్ ఆయిల్ ఇంజిన్ మాన్యువల్ చెప్పిన నిష్పత్తిలో కలపండి. చాలావాటికి 30:1, అంటే లీటరుకు 33 మి.లీ. బంకు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చి కార్బురేటర్ డయాఫ్రమ్‌ను బిరుసెక్కిస్తుంది. ఎగరేసిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ట్యాంకు గొట్టాలకు పెట్రోలుకు పనికొచ్చే పసుపు రంగు టైగాన్ వాడాలి. సిలికాన్ గొట్టం పెట్రోలులో ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. ఇగ్నిషన్ పెట్టె, దాని బ్యాటరీ ఫైర్‌వాల్ దగ్గరే ఉండాలి. రిసీవర్‌కూ వాటికీ మధ్య కనీసం 30 సెం.మీ. దూరం ఉండాలి.

గుడ్డ, రంగు

అసలైన ఫాబ్రిక్ కవరింగ్ ఖరీదు. 40 నుంచి 50 గ్రాముల పాలియెస్టర్ లైనింగ్ గుడ్డ విజయవాడ వన్‌టౌన్ గుడ్డల దుకాణాల్లో దొరుకుతుంది, చక్కగా పనిచేస్తుంది. కొనేముందు ఒక పోగు తీసి వెలిగించండి. కరిగి గట్టి పూస అయితే పాలియెస్టర్, బూడిద అయితే నూలు కలిసినట్టు. నూలు కలిస్తే ఇస్త్రీకి బిగిసిరాదు. కర్ర అంచులకు వేడికి అంటుకునే జిగురు రాసి, ముందు 100 డిగ్రీలతో గుడ్డ అంచులు అంటించి, తర్వాత 130 నుంచి 150 డిగ్రీలతో మధ్యలో బిగించండి. ఎదురెదురు వైపులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకే వైపు పూర్తిగా బిగిస్తే రెక్క అటు మెలితిరుగుతుంది.

మొత్తం తొడిగే వైశాల్యం 4 చదరపు మీటర్ల పైనే. చదరపు మీటరుకు 80 గ్రాముల రంగు వేస్తే 330 గ్రాములు చేరతాయి. బ్రష్షు వద్దు, స్ప్రే గన్‌తో రెండు పలుచటి పూతలు చాలు. శిక్షణ విమానాల పసుపు రంగు అందానికే కాదు, దూరాన తెల్లటి ఎండ ఆకాశంలోనూ కనబడుతుంది. వాన మబ్బు పట్టిన రోజు డోప్ (గుడ్డను బిగించే పూత) పూయొద్దు, తెల్లటి మచ్చలు పడతాయి.

రిగ్గింగ్ (రెక్కలు, తీగల కోణాలు సరిచేయడం): ఒక రోజు పూర్తిగా దీనికే ఇవ్వండి

రెండు వరసల రెక్కల విమానం తిన్నగా ఎగురుతుందా లేదా అన్నది ఈ దశలో తేలిపోతుంది. ఫ్యాను ఆపేసి, చదునైన నేల మీద మొదలుపెట్టండి.

ఫ్యూజిలాజ్‌ను స్టాండ్ మీద పెట్టి, డిజిటల్ యాంగిల్ గేజ్‌తో దాని ఆధార రేఖ సున్నా చూపేదాకా తోక కింద చెక్కముక్కలు సర్దండి. తోకరెక్క సున్నా దగ్గర ఉండాలి. కింది రెక్కలు తగిలించి, ప్లాన్ చెప్పిన కోణానికి తెచ్చి, ఎడమ కుడి పోల్చండి. రెండింటి మధ్య తేడా 0.3 డిగ్రీలు దాటకూడదు, అంటే వెనక అంచు దగ్గర 1.7 మి.మీ. తర్వాత సాగని దారం తీసుకుని రడ్డర్ నిలువు కర్ర నుంచి రెండు రెక్కల చివరలకూ కొలవండి. తేడా 3 మి.మీ. లోపు ఉండాలి.

ఆ తర్వాత పై రెక్కలు, స్ట్రట్లు. తీగలు మూడు రకాలు. మధ్య పై భాగం నుంచి కింది రెక్క స్ట్రట్ అడుగుకు వెళ్లేవి ల్యాండింగ్ వైర్లు, నేలమీద రెక్కల బరువు మోస్తాయి. ఫ్యూజిలాజ్ అడుగు నుంచి పై రెక్క స్ట్రట్ తలకు వెళ్లేవి ఫ్లయింగ్ వైర్లు, గాల్లో బరువంతా వీటిదే. ముందు వెనక స్ట్రట్ల మధ్య అడ్డంగా ఉండేవి రెక్క కోణాన్ని పట్టి ఉంచుతాయి. ఈ వరసలోనే బిగించండి: ముందు ల్యాండింగ్, తర్వాత ఫ్లయింగ్, చివర అడ్డ తీగలు. బొటనవేలితో మీటితే ఎడమ తీగ, కుడి తీగ ఒకే స్వరం పలకాలి. స్ట్రట్ వంగుతున్నట్టు కనిపిస్తే తీగ ఎక్కువ బిగిసినట్టు, అర చుట్టు వదలండి.

తీగకు 35 కిలోల పైన తట్టుకునే నైలాన్ పూత ఉక్కు తీగ వాడండి, పెద్ద చేపల గాలాలకు కట్టేది. సమస్య తీగతో కాదు, చివర నొక్కే రాగి గొట్టంతో వస్తుంది. తీగ నైలాన్ పూతతో ఉంటే లోపల జారుతుంది. చివరి 3 సెం.మీ. పూత గీకేసి, గొట్టంలోంచి ఒకసారి పోనిచ్చి, క్లెవిస్ (తీగను తగిలించే కొక్కెం) చుట్టూ తిప్పి, మళ్లీ గొట్టంలోంచి తెచ్చి, ఇంకోసారి వెనక్కి దూర్చి నొక్కండి. ఇప్పుడు 20 లీటర్ల వాటర్ టిన్ను నిండుగా నింపి ప్రతి తీగకూ ఒక నిమిషం వేలాడదీయండి. ఒక్క మిల్లీమీటరు జారినా ఆ చివర కోసేసి మళ్లీ చేయాలి.

ఇదంతా అయ్యాక నాలుగు రెక్కల కోణాలూ ఒక కాగితం మీద రాసి, విమానం పెట్టెలో ఉంచండి. విప్పి బిగించిన ప్రతిసారీ ఆ అంకెలతో సరిచూసుకోవాలి.

రేడియో, కదలికలు, సీజీ

2.4 గిగాహెర్ట్జ్ రేడియో, 8 ఛానళ్ల రిసీవర్, రెండు బ్యాటరీలు, రెండు స్విచ్చులు. ఒకటి ఆగినా ఇంకోటి నడిపించాలి. ఇంజిన్ ఆపడానికి ట్రాన్స్‌మిటర్ మీద విడిగా ఒక స్విచ్ తప్పనిసరి. సిగ్నల్ పోతే ఇగ్నిషన్ ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, నేలమీద ట్రాన్స్‌మిటర్ ఆపి పరీక్షించండి.

ఎలివేటర్ పైకి కిందికి 25 మి.మీ., రడ్డర్ 45 మి.మీ. ఎయిలరాన్ పైకి 25, కిందికి 8 మాత్రమే. కిందికి దిగే ఎయిలరాన్ ఆ రెక్కను వెనక్కి లాగుతుంది, ఎడమకు వంపితే ముక్కు కుడికి తిరుగుతుంది. అసలు విమానంలోనూ ఇందుకే కిందికి కదలిక చాలా తక్కువ. దీనికి తోడు ఎయిలరాన్‌తో పాటు 25 శాతం రడ్డర్ కదిలేలా మిక్స్ పెట్టొచ్చు, కానీ చేత్తో చేసుకోవడమే నయం.

సీజీ ఇలా తీయండి. పై రెక్క సగటు ముందు అంచు ఎక్కడుందో, కింది రెక్కది ఎక్కడుందో ఫ్యూజిలాజ్ మీద గుర్తుపెట్టి, రెండింటి మధ్య బిందువు తీసుకోండి. అక్కడి నుంచి వెనక్కి రెక్క వెడల్పులో 25 శాతం, అంటే 8.3 సెం.మీ. దగ్గర మొదటి ఎగురుకు తూగాలి. రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కనుక ముందు అంచును విమానం మధ్య గీత దగ్గర కాక ఒక్కో రెక్క సగం పొడవు దగ్గర కొలవాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే తూచండి. ట్యాంకు సీజీకి ముందు ఉంటుంది, పెట్రోలు అయిపోయేకొద్దీ విమానం తోక బరువు అవుతుంది, దిగే సమయానికే పరిస్థితి అధ్వానం. ముక్కులో బరువు కావాలంటే ముందు బ్యాటరీలను ఫైర్‌వాల్ దగ్గరికి జరపండి, సీసం ఆఖరి మాట.

ఎక్కడ, ఎప్పుడు

2 కిలోలు దాటి 25 కిలోల లోపు ఉన్నది 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం స్మాల్ తరగతి. డిజిటల్ స్కై పోర్టల్‌లో (డ్రోన్ల కోసం ప్రభుత్వ వెబ్‌సైట్) ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూసి, రిజిస్ట్రేషన్, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ విషయాలు ఖరారు చేసుకుని, థర్డ్ పార్టీ బీమా తీసుకున్నాకే మైదానానికి వెళ్లండి. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదు. గన్నవరం విమానాశ్రయం చుట్టూ 5 కిలోమీటర్ల లోపు ఎరుపు జోన్, 12 దాకా ఆంక్షలు. అమరావతి వైపు ఖాళీ రోడ్లు ఊరిస్తాయి గానీ వెలగపూడిలో సచివాలయం ఉంది. బాపట్ల వైపు వెళితే సూర్యలంకలో ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది. మ్యాప్ చూడకుండా ఏ దిక్కుకూ వెళ్లొద్దు. పొలమైతే రైతును అడగాలి, ఊరి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచాలి.

డెల్టాలో వరికోతలు అయ్యాక పొలాలు ఖాళీ అనుకోవద్దు. కోతకు ముందే చల్లిన మినుము, పెసర మార్చి దాకా ఉంటుంది. గుంటూరు వైపు నల్లరేగడి ఎండితే చక్రం దిగిపోయేంత పగుళ్లు. కృష్ణ ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయి. మనకు మిగిలేవి అమ్ముడుపోని వెంచర్లలోని గ్రావెల్ రోడ్లు. 120 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. అయితే ముందు రోజు నడిచి చూడండి. గడ్డిలో హద్దు రాళ్లు, రోడ్డు పక్కన కరెంటు తీగలు ఉంటాయి. తీగలు మనకు ఎదురుగా కాక వెనకవైపు ఉండేలా నిలబడాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం ఏడు నుంచి తొమ్మిది మంచి సమయం. గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటితే మొదటి ఎగురు వాయిదా వేయండి. జనవరి పొగమంచు పూర్తిగా విడిపోవాలి. రెక్కల మీది మంచు తుడవండి. ఎండాకాలంలో 40 డిగ్రీల దగ్గర గాలి పలచబడి లిఫ్టు, ఇంజిన్ బలం రెండూ 8 శాతం దాకా తగ్గుతాయి, రన్‌వే ఇంకా పొడవు కావాలి.

మొదటి ఎగురు

ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ టెస్ట్ మోడ్‌లో పెట్టి 30 అంగలు దూరం నడిచి, ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి అన్ని కదలికలూ చూడండి. ఇంజిన్ నడిచేటప్పుడే సర్వోలు వణికితే ఇగ్నిషన్ నుంచి రిసీవర్‌కు అంతరాయం, ఎగరేయొద్దు. తోక పట్టుకుని ఒకరు, ప్రొపెల్లర్ ముందు ఎవరూ లేకుండా ఇంకొకరు కాపలా.

గాలికి ఎదురుగా పెట్టి, ఎలివేటర్ కొంచెం పైకి పట్టి, థ్రాటిల్ నాలుగు సెకన్లలో నెమ్మదిగా తెరవండి. ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్‌తో సరిచేస్తూ ఉండండి. వేగం పెరిగేకొద్దీ ఎలివేటర్ వదలండి, తోక దానంతటదే లేస్తుంది. నేల విడిచేదాకా ఆగండి, పైకి లాగొద్దు. తక్కువ వేగంలో లాగితే ఒక రెక్క పడిపోతుంది. నేల విడిచాక చాలా పలుచటి కోణంలో 30 మీటర్ల దాకా ఎక్కి, మొదటి మలుపు ఎయిలరాన్, రడ్డర్ రెండూ కలిపి వెడల్పుగా తీసుకోండి.

పొరపాటు జరిగినా కోలుకునేంత ఎత్తు కావాలి కనుక ముందు 80 మీటర్ల పైన స్టాల్ చూడండి. ఇది సుమారు గంటకు 38 కిలోమీటర్ల దగ్గర ముక్కు వంచుతుంది. ఏ రెక్క పడుతుందో గమనించండి, రిగ్గింగ్ కాగితంతో దాన్ని పోల్చాలి. ఎప్పుడూ ఒకవైపే పడితే ఆ వైపు రెక్క చివర మెలిక తక్కువగా ఉన్నట్టు.

దిగేటప్పుడు చాలామంది చేసే పొరపాటు థ్రాటిల్ పూర్తిగా మూసేయడం. రెండు వరసల రెక్కలు, తీగలు గాలిని గట్టిగా అడ్డుకుంటాయి, ఇంజిన్ లేకపోతే విమానం నేరుగా కిందికి కుంగుతుంది. పావు థ్రాటిల్‌తో, స్టాల్ వేగానికి మూడోవంతు ఎక్కువతో వచ్చి, నేలకు మీటరు ఎత్తులో చదును చేసి, అప్పుడే మెల్లగా మూయండి. మొదట్లో ముందు చక్రాల మీద దించడం తేలిక. చక్రాలు తగిలిన తర్వాతా రడ్డర్ వదలొద్దు, ఈ విమానం ఆగబోయే ముందే గిర్రున తిరుగుతుంది. గాల్లో ఇంజిన్ ఆగితే వెంటనే ముక్కు దించి, ఎదురుగా ఉన్న నేలమీద దించండి, వెనక్కి తిప్పే ప్రయత్నం చేయొద్దు.

మొదటి ఎగురు ఆరు నిమిషాలు చాలు. దించగానే చూడాల్సినవి: ఇంజిన్ బోల్టులు, మఫ్లర్ స్క్రూలు, ఫ్లయింగ్ వైర్ల చివర్లు, కీలు గుడ్డ, చక్రాల ఇరుసు దగ్గర సోల్డర్. కొత్త తీగలు మొదటి రెండు మూడు ఎగురుల్లో సాగుతాయి, కోణాలు కాగితంతో సరిచూసి మళ్లీ బిగించాలి. సీజీని 28 శాతం వైపు కొంచెం కొంచెంగా, ఒకసారికి 3 మి.మీ. చొప్పున మాత్రమే వెనక్కి జరపండి. ఇంటికి తెచ్చాక ఫ్లయింగ్ వైర్లు వదులు చేసి, రెక్కలు విప్పి, నిలువుగా కాక పరుపు మీద పడుకోబెట్టి ఉంచండి.